పాత మాస్సీ ట్రాక్టర్ హైడ్రాలిక్ పంపును క్షేమంగా బయటికి తీయడం: సమగ్ర మార్గదర్శి

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో మాస్సీ 35, దాని తర్వాతి 1035 రకం ట్రాక్టర్లు ఇంకా పనిలోనే ఉన్నాయి. చెరువు కింద కయ్యల్లో దమ్ము చేస్తాయి, మెట్టన చెనిక్కాయకు దున్నుతాయి, చెరకు తోలుతాయి. టాఫే 1960లో చెన్నైలో మాస్సీ ఫెర్గూసన్ సహకారంతో మొదలైన ట్రాక్టర్ల సంస్థ. అందుకే ఈ బండ్ల సామాన్లకు మనవైపు కరువు లేదు. ఇంజన్ నిక్షేపంగా ఉన్నా లిఫ్ట్ (వెనక పనిముట్టును ఎత్తి దించే ఏర్పాటు) చచ్చుబడితే మాత్రం బండి ఉండీ లేనట్టే. అప్పుడు పంపును బయటికి తీయాల్సి వస్తుంది.

ఈ పనిలో వేళ్లు పోయినా, కాళ్లు విరిగినా, అయిదు నిమిషాల తొందరకు కొత్త పంపు పగిలినా, చాలావరకు కారణం ఒకటే: విడదీయాల్సింది ఇంకా తగులుకొని ఉండగానే పైకి లాగడం. పంపుకు నాలుగు పట్లు ఉంటాయి. దాని క్యామ్ షాఫ్టు ముందూ వెనకా స్ప్లైన్లతో (ఒకదానిలో ఒకటి ఇమిడే పళ్లతో) షాఫ్టులకు కలిసి ఉంటుంది. హౌసింగ్ (పంపు ఉండే ఇనుప పెట్టె) రెండు పక్కల నుంచి లోపలికి దూరిన రెండు లొకేటింగ్ పిన్నులు దాన్ని అటూ ఇటూ కదలకుండా ఆపుతాయి. పంపు నుంచి పైనున్న సిలిండర్‌కు ఆయిల్ పోయే నిలువు పైపు ఒకటి. కంట్రోల్ వాల్వ్‌ను నడిపే లీవర్ ఇంకొకటి. ఈ నాలుగింటినీ వరుసగా విడిపించడమే మొత్తం పని. ఏ దశలో ఏది ఇంకా పట్టుకొని ఉందో మనసులో ఉంచుకుంటే బలం వాడాల్సిన అవసరమే రాదు.

ఇక్కడ చెప్పేది 35, 1035 అమరిక గురించి. వీటిలో పంపు సీటు కింద, వెనక హౌసింగ్ లోపల, గేర్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. 1946లో వచ్చిన ఫెర్గూసన్ టీఈ20 కూడా ఇదే కుటుంబం. తేడా ఉన్నచోట చెబుతాం. ఇంజన్ పక్కన బయటే గేర్ పంపు బిగించి ఉండే బండ్లకు ఈ వరుస పనికిరాదు.

ముందు పంపే దోషి అని తేల్చుకోండి

లిఫ్ట్ ఎత్తకపోతే వెంటనే పంపు పోయిందనడం మన షెడ్లలో మామూలైపోయింది. తీరా అంతా విప్పాక నిలువు పైపు ఓ-రింగు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు) చిట్లి ఉంటుంది. ఆ రింగు ఖరీదెంత, చేసిన శ్రమ ఎంత! అందుకే మొదట ఇవి చూడండి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం. బండి చదునైన నేల మీద ఉండాలి, పనిముట్టు కిందికి దించి ఉండాలి. మట్టం తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, లిఫ్ట్ వణుకుతుంది. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం. దమ్ములో ఇరుసు మునిగేదాకా దిగే బండ్లకు ఇది ఎక్కువ. నీళ్ల వల్ల కంట్రోల్ వాల్వ్ తుప్పు పట్టి, గూట్లోనే బిగుసుకుపోతుంది. అలాంటప్పుడు పంపు లోపలి పిస్టన్లు బాగానే ఉన్నా లిఫ్ట్ కదలదు.

తర్వాత లక్షణం. ఖాళీ లింకులు పైకి వస్తాయి, కల్టివేటర్ తగిలిస్తే రావు అంటే ఒత్తిడి ఎక్కడో కారిపోతోంది. పైకెత్తి ఇంజన్ ఆపగానే పనిముట్టు దబ్బున దిగిపోతే పైనున్న సిలిండర్ పిస్టన్ రింగులు, నిలువు పైపు ఓ-రింగులు, రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే తెరుచుకునేది), కంట్రోల్ వాల్వ్ అన్నీ అనుమానితులే, పంపు ఒక్కటే కాదు. మెట్లు మెట్లుగా, కుదుపులతో ఎత్తుతుంటే పంపులోని నాలుగు పిస్టన్లలో ఒకదాని వాల్వ్ సరిగా కూర్చోవడం లేదని అనుకోవచ్చు. అది నిజంగా పంపు జబ్బే.

తేల్చుకోవడానికి మంచి మార్గం ప్రెషర్ గేజ్. టాప్ కవర్ (సీటు కింద హౌసింగ్‌ను మూసే పెద్ద మూత) మీదున్న ఆయిల్ ప్లగ్గు తీసి, 5,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా చూపే గేజ్ బిగించి చూడాలి. 35 రకంలో రిలీఫ్ వాల్వ్ సుమారు 2,500 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకుంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 175 కిలోల ఒత్తిడి. గేజ్ ముల్లు అందులో సగం కూడా ఎక్కకపోతే, హౌసింగ్ పక్కలనున్న కిటికీ పలకలు విప్పి టార్చి వేసి చూడండి. ముందు ఆయిల్‌ను కిటికీ అంచు కన్నా కిందికి వచ్చేలా కొంత దించాలి, కానీ పంపు మునిగే ఉండాలి. లిఫ్ట్ మీద బరువు పెట్టి, ఇంజన్ నిదానంగా నడుస్తుండగా చూస్తే ఆయిల్ ఎక్కడి నుంచి కారుతోందో కళ్లకే కనిపిస్తుంది. పైన సిలిండర్ నోట్లోంచి ధార కడితే పిస్టన్ రింగులు. పైపు చుట్టూ చిమ్మితే ఓ-రింగు. ఎక్కడా కారడం లేదు, ఒత్తిడీ లేదు అంటే పంపు. చూసేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి. కిటికీలోకి చెయ్యి పెట్టొద్దు, మొహం ఆనించొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఈ ఒత్తిడిలో సన్నని రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా తెలియదు. లోపల మాత్రం కండ కుళ్లిపోతుంది. పసుపు రాసి, గుడ్డ కట్టి ఊరుకుంటే వేలు, ఒక్కోసారి చెయ్యే తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే 108కి ఫోన్ చేసి వెంటనే తిరుపతి రుయా లాంటి, శస్త్రచికిత్స చేయగల పెద్దాసుపత్రికి పోవాలి. "హైడ్రాలిక్ ఆయిల్ చర్మంలోకి దూరింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. మామూలు గాయం అనుకుంటే గంటలు వృథా అవుతాయి.

చోటు, సామాన్లు

సిమెంటు గచ్చు ఉండాలి. చింతచెట్టు కొమ్మకు చైన్ పుల్లీ వేసి ఎత్తడం చాలాచోట్ల చూస్తాం. కొమ్మ ఎంత బరువు పట్టగలదో ఎవరూ చెప్పలేరు, కింద మట్టి నేలలో బండి ఒరుగుతుంది. రేకుల షెడ్డు పైపు కూడా అంతే. అది రేకులు మోయడానికి వేసింది, బరువులు ఎత్తడానికి కాదు. గట్టి ఇనుప ముక్కాలి గానీ, చక్రాల మీద జరిగే ఇంజన్ క్రేను గానీ తెప్పించుకోండి. ముక్కాలి కాళ్లు జారకుండా మూడింటినీ కింద గొలుసుతో ఒకదానికొకటి కట్టాలి.

టాప్ కవర్, దాని కింద వేలాడే సిలిండర్, లిఫ్ట్ చేతులు అన్నీ కలిపి వంద కిలోలు అనుకొని ఏర్పాట్లు చేసుకోండి. పంపు అంతకన్నా బాగా తేలిక. అయినా ఒంగి, చేతులు చాపి, ఆయిల్ జారుతున్నదాన్ని ఎత్తాలి కాబట్టి ఒక్కడి నడుముకు అది ప్రమాదమే. రెండింటికీ ఒక టన్ను చైన్ పుల్లీ, ఒక టన్ను గుర్తున్న బెల్టు స్లింగులు చాలు. కొబ్బరి తాడు, పశువుల పలుపు, పాత ఫ్యాన్ బెల్టు వద్దు.

స్లింగు వేసే కోణం గురించి చాలామంది పట్టించుకోరు. రెండు కాళ్ల స్లింగు నేలకు 60 డిగ్రీల కోణంలో నిలబడితే ఒక్కో కాలి మీద మొత్తం బరువులో దాదాపు 58 శాతం పడుతుంది. అదే 30 డిగ్రీలకు చదునుగా పరిస్తే ఒక్కో కాలి మీద పూర్తి బరువు పడుతుంది. అంటే స్లింగు పొడుగ్గా ఉండాలి, కొక్కెం ఎత్తులో ఉండాలి.

పానాల సంగతి. ఈ బండ్ల బోల్టులు అంగుళాల లెక్కలోవి. 3/4కు 19 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది, 5/8కు 16 కూడా ఫరవాలేదు. కానీ 1/2 తల మీద 13 పానా వదులు, 9/16 మీద 14 ఎక్కదు, 15 జారుతుంది. బలమంతా పెట్టి తిప్పితే తల గుండ్రమైపోతుంది. తర్వాత వెల్డింగు, ఉలి, రెండు రోజుల తిప్పట. అంగుళాల సాకెట్ల సెట్టు, రింగు పానాలు అరువు తెచ్చుకొనైనా పెట్టుకోండి.

మిగతావి: 40 లీటర్లు పట్టే శుభ్రమైన తొట్టి, చెక్క దిమ్మెలు, చక్రాలకు పెట్టే కట్టె ఆప్‌లు, కిరోసిన్, బ్రష్షు, గుడ్డలు, కళ్లద్దాలు, బూట్లు. కాటన్ వేస్టు హౌసింగ్ లోపల వాడొద్దు. దాని పోగులు పంపు ఆయిల్ పీల్చే జల్లెడలో ఇరుక్కుంటాయి. గుడ్డలైతే లెక్కపెట్టి లోపలికి, లెక్కపెట్టి బయటికి. కొత్తగా కావాల్సింది టాప్ కవర్ ప్యాకింగ్, నిలువు పైపు ఓ-రింగులు, పక్క పిన్నుల ఓ-రింగులు, పీటీవో (ఇంజన్ శక్తిని వెనక పనిముట్లకు అందించే షాఫ్టు) ఆయిల్ సీలు, కిటికీ పలకల ప్యాకింగులు. పంపు బాగున్నా ఇవి మార్చాలి. పాతవే వేస్తే నెలలో మళ్లీ ఇదే పని.

పంచె, లుంగీ, భుజాన తువ్వాలు తీసి పక్కన పెట్టండి. చెప్పులు కూడా. ఆయిల్ గచ్చు మీద రబ్బరు చెప్పు జారితే, పట్టుకోవడానికి దొరికేది వేలాడుతున్న బరువే. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానీయొద్దు.

కడగడం, ఆపడం, ఒత్తిడి దించడం

విప్పకముందే సీటు కింద, టాప్ కవర్ చుట్టూ బాగా కడగండి. మన ఎర్రమట్టి దుమ్ము ఆయిల్‌తో కలిసి బోల్టుల చుట్టూ గట్టిపడి ఉంటుంది. కవర్ ఎత్తగానే అదంతా లోపల పడుతుంది. కిరోసిన్‌తో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, తుడవాలి. వాటర్ సర్వీసు చేయిస్తే ఆరాకే విప్పండి.

బండి చదునుగా నిలిపి, పనిముట్టు విడదీసి, హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు చక్రాలకూ ముందూ వెనకా ఆప్‌లు పెట్టండి. గేరు న్యూట్రల్, పీటీవో లీవర్ ఆఫ్. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పీటీవో షాఫ్టు దగ్గర చేతులు ఉండగా ఎవరైనా స్టార్టర్ తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

లిఫ్ట్ లీవర్‌ను పూర్తిగా కిందికి తోసి, లింకులను కాలితో కాకుండా కట్టెతో కిందికి నొక్కండి. ఇంకా దిగుతుంటే సిలిండర్లో ఆయిల్ మిగిలే ఉంది. అవి ఆగేదాకా ఏ ప్లగ్గూ వదులు చేయొద్దు.

వాల్వ్ బిగుసుకుపోయి, పనిముట్టు పైనే నిలిచిపోయిన బండ్లు వస్తుంటాయి. ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన స్థితి. పనిముట్టు కింద గట్టి చెక్క దిమ్మెలు పేర్చి, బరువు మొత్తం వాటి మీద కూర్చున్నాకే ముందుకు పోవాలి. ఒక్క జాకీని నమ్మొద్దు. తర్వాత టాప్ కవర్ ఆయిల్ ప్లగ్గును ఒక్కో పావు చుట్టు తిప్పుతూ, మీద గుడ్డ కప్పి, మొహం పక్కకు పెట్టి వదులు చేస్తే ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది. దిమ్మెలు లేకుండా ప్లగ్గు విప్పితే పనిముట్టు ఒక్కసారిగా కూలుతుంది.

ఆయిల్ దించడం

గేర్‌బాక్సు, వెనక హౌసింగ్ ఒకే ఆయిల్ పంచుకుంటాయి. కింద ఒకటి కన్నా ఎక్కువ డ్రైన్ ప్లగ్గులు ఉంటాయి, అన్నీ తీయాలి. 30 లీటర్లకు అటూ ఇటూ వస్తుంది, చిన్న బక్కెట్టు పెట్టుకొని కూర్చుంటే సగంలో పొంగుతుంది. టీఈ20లో ఇంతకన్నా తక్కువ.

నీళ్ల అనుమానం ఉంటే బండిని రాత్రంతా కదలకుండా ఉంచి, పొద్దున్నే ప్లగ్గును నిదానంగా వదులు చేయండి. నీళ్లు ఆయిల్ కన్నా బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే వస్తాయి. గాజు సీసాలో కొంచెం పట్టి వెలుతురులో చూడండి. ఆయిల్లో పసుపు పచ్చని మెరుపు తేలుతుంటే కంచు బుష్ అరిగిందని, అయస్కాంతానికి ముళ్లలా ఇనుప పొడి అంటుకుంటే గేర్లు గానీ బేరింగు గానీ తింటున్నాయని తెలుస్తుంది. అలాంటప్పుడు కొత్త పంపు ఒక్కటి వేస్తే అదీ ఆ పొడితోనే పోతుంది. మూలం వెతకాలి.

టాప్ కవర్ ఎత్తడం

అసలు కష్టం ఇక్కడే, పంపు దగ్గర కాదు. అందుకే దీని మీద ఎక్కువ చెబుతున్నాం.

సీటు విప్పండి. లిఫ్ట్ చేతుల నుంచి లిఫ్ట్ రాడ్లు విడదీయండి. కింది లింకులు ఇరుసు దగ్గరే ఉండిపోవచ్చు. టాప్ లింకు ఉంటే తీసేయండి. లైట్ల వైర్లు, ట్రైలర్ సాకెట్ వైరు కవర్‌కు క్లిప్పులతో కట్టి ఉంటే విడదీయండి.

ఇప్పుడు మూడో పట్టు, నిలువు పైపు. కవర్ మీద ఉండే చిన్న ట్రాన్స్‌ఫర్ మూత విప్పితే ఆ రంధ్రంలో పైపు తల కనిపిస్తుంది. దాన్ని నిటారుగా పైకి లాగాలి. పైపు లోపల మర ఉంటే, ఆ మరకు సరిపోయే పొడుగు బోల్టు ఎక్కించి లాగితే సులువు. ప్లయర్‌తో అంచు పట్టి మెలితిప్పితే పైపు గీసుకుపోతుంది, కొత్త ఓ-రింగు కూడా ఆ గీతల మీద నిలవదు. పైపు లోపలే ఉండగా కవర్ లాగితే పైపు వంగుతుంది, లేదా పంపు మీద అది కూర్చునే చోటు పగులుతుంది. ఈ ఒక్క తప్పుతో మంచి పంపులు ఎన్నో చెడిపోయాయి.

నాలుగో పట్టు లీవర్. కుడిపక్క, డిప్‌స్టిక్ ఉండే కిటికీ పలక విప్పి టార్చి వేయండి. పంపు కంట్రోల్ వాల్వ్‌కు ఒక నిలువు లీవర్ ఉంటుంది. కవర్ నుంచి వచ్చే రాడ్లు దాన్ని నెడతాయి. రాడ్ ఏ పక్క నుంచి లీవర్‌ను తాకుతోందో ఇప్పుడే ఫోన్‌తో రెండు మూడు కోణాల్లో ఫోటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఈ ఫోటోలే దారి చూపిస్తాయి. స్ప్రింగు గానీ పిన్ను గానీ కలిపి ఉంటే విడదీయండి. టీఈ20లో రాడ్ల బదులు కవర్ నుంచి కిందికి దిగే ఫోర్కు ఉంటుంది, జాగ్రత్త అదే.

కవర్ చుట్టూ బోల్టులు విప్పేటప్పుడు ఏది ఎక్కడిదో అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, అక్కడక్కడే గుచ్చి పెట్టండి. పొడవులు వేరువేరుగా ఉంటాయి. పొట్టిదాని చోట పొడుగుది వేసి బిగిస్తే అడుగు తగిలి హౌసింగ్ చెవి పగులుతుంది.

సీటు బోల్టు రంధ్రాల్లో ఐ-బోల్టులు (తల రింగులా ఉండే బోల్టులు) మర పూర్తిగా దిగేదాకా బిగించి, స్లింగు వేయండి. లిఫ్ట్ చేతులు వెనక్కి ఉంటాయి కాబట్టి బరువు వెనకవైపు లాగుతుంది. కొక్కెం బరువు మధ్యకు వచ్చేలా సరిచూసుకోవాలి. పుల్లీతో గొలుసు బిగుతు అయ్యేదాకా లాగి ఆపండి. ప్యాకింగ్ అంటుకొని ఉంటే రాగి సుత్తితో పక్కల నుంచి తట్టండి. ఉలి గానీ స్క్రూడ్రైవర్ గానీ సందులో దూర్చి కుళ్లబొడిస్తే ఆ గీత గుండా జీవితాంతం ఆయిల్ కారుతుంది.

ఒక్క అంగుళం ఎత్తి ఆపండి. కిటికీలోంచి చూడండి. లీవర్, రాడ్ తగులుకొని లేవు కదా, పైపు ఏదీ లాగడం లేదు కదా. చేత్తో కవర్‌ను మెల్లగా అటూ ఇటూ కదిపితే స్వేచ్ఛగా ఊగాలి. అప్పుడు మాత్రమే మిగతా ఎత్తు. సిలిండర్, రాడ్లు కింద వేలాడుతుంటాయి కాబట్టి హౌసింగ్ అంచుకు తగలకుండా నిటారుగా ఒక అడుగు పైనే లేవాలి. లేచాక ముక్కాలితో ఊపి పక్కకు దించే ప్రయత్నం వద్దు. ఆప్‌లు తీసి, ఇద్దరు మనుషులు బండినే ముందుకు తోసి, మళ్లీ ఆప్‌లు పెట్టి, కవర్‌ను నిటారుగా దించాలి. దింపేది నేల మీద కాదు, రెండు దిమ్మెల మీద. సిలిండర్, రాడ్లు దిమ్మెల మధ్య వేలాడాలి. వాటి మీద బరువు పడితే రాడ్లు వంగిపోతాయి, తర్వాత లిఫ్ట్ ఎత్తు సెట్టింగే కుదరదు.

హౌసింగ్ నోరు తెరుచుకుంది కాబట్టి వెంటనే శుభ్రమైన గుడ్డ కప్పండి.

పీటీవో షాఫ్టు వెనక్కి లాగడం

వెనక పీటీవో షాఫ్టు చుట్టూ ఉండే బేరింగు మూత బోల్టులు విప్పితే షాఫ్టు, బేరింగు, మూత కలిసి వెనక్కి వస్తాయి. పొడుగైన షాఫ్టు కాబట్టి చివర్లో ముందు కొస కిందికి వాలుతుంది. లాగేవాడు ఒకడు, కింద చెయ్యిచ్చి పట్టేవాడు ఇంకొకడు ఉండాలి. రాకపోతే పంపు క్యామ్ స్ప్లైన్లో తుప్పు గానీ, షాఫ్టు మెలిపడి స్ప్లైన్లు వంకర పోవడం గానీ కారణం. షాఫ్టును చేత్తో కొంచెం తిప్పుతూ లాగండి. సుత్తితో వెనక్కి కొట్టాల్సి వస్తే షాఫ్టు కొసకు చెక్క అడ్డం పెట్టాలి. 35 రకంలో కొస 1-3/8 అంగుళాల ఆరు పళ్లది, టీఈ20లో 1-1/8. కొత్తది కొనేటప్పుడు ఇది చూసుకోండి.

తీసిన షాఫ్టును గోడకు ఆనించి నిలబెట్టొద్దు, పడితే పాదమే. పడుకోబెట్టండి.

పంపు బయటికి

ముందు స్లింగు, తర్వాత పిన్నులు. ఈ వరుస తారుమారు కాకూడదు. పక్క పిన్నులు పంపును మోస్తూ ఉంటాయి. అవి లాగిన మరుక్షణం పంపు ఒరిగి హౌసింగ్ అడుగుకు పడుతుంది. ఆ సమయానికి కింద వేళ్లు ఉంటే నలిగిపోతాయి.

మెత్తని బెల్టు స్లింగును పంపు ఒంటి కింద నుంచి రెండు వైపులా తెచ్చి, కొక్కేనికి తగిలించి, బరువు కొంచెం పట్టేదాకా పుల్లీ లాగండి. కంట్రోల్ వాల్వ్ లీవర్‌కు గానీ, బయటికి పొడుచుకొచ్చిన వాల్వ్ కొసకు గానీ తగిలించొద్దు. వాల్వ్ కొద్దిగా వంగినా గూట్లో ఇరుక్కుంటుంది, పంపంతా దండగ.

ఇప్పుడు హౌసింగ్ పక్కల పిన్నులు. ఫుట్‌రెస్ట్ అడ్డం వస్తే విప్పండి. ఆయిల్ పూర్తిగా దించకపోతే ఈ రంధ్రాల నుంచే మిగిలింది కాళ్ల మీద పడుతుంది. రెండు పిన్నులూ బయటికి వచ్చాక పంపును చేత్తో వెనక్కి కొంచెం జరిపితే ముందు షాఫ్టు స్ప్లైన్ నుంచి విడివడుతుంది. జరగడం లేదంటే ఇంకా ఏదో పట్టుకొని ఉంది. గడ్డపార వేసి పెళ్లగించొద్దు. ఆ బండిలో ముందు కప్లింగ్ వేరే రకం కావచ్చు, కొన్నింటిలో గేర్‌బాక్సు దగ్గర బండిని రెండుగా విడదీస్తేనే దారి. అప్పుడు మోడల్ వర్క్‌షాప్ పుస్తకం ముందుపెట్టుకొని పోవాలి.

జరిగిందా, ఇక పుల్లీ లాగేవాడు ఒకడు, పంపును తిప్పుతూ దారి చూపేవాడు ఇంకొకడు. చేతులు పంపు పైభాగం మీదే ఉండాలి, పంపుకూ హౌసింగ్ గోడకూ మధ్య ఎప్పుడూ వద్దు. కొంచెం ఒరిగించి తిప్పితే నోటి గుండా వస్తుంది. బయటికి రాగానే లోపలి ఆయిల్ కారుతుంది, తొట్టి సిద్ధంగా ఉంచండి. శుభ్రమైన పళ్లెంలో చెక్క మీద పెట్టండి.

హౌసింగ్ అడుగున చేరిన బురదను చేత్తో తోడేయండి. పెట్రోలు పోసి కడగొద్దు, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. అడుగు మొత్తం గుడ్డతో తుడిచాక అయస్కాంతం తిప్పండి. విరిగిన పిన్ను ముక్క, స్ప్రింగు ముక్క తరచూ దొరుకుతాయి.

పంపు విప్పి చూసేవాళ్లకు చిన్న మాట. నాలుగు సిలిండర్ల భాగాలు, వాల్వులు, స్ప్రింగులు ఏ గదివి ఆ గదికే పోవాలి. కలగలిపితే అరుగుదల జతలు కుదరక ఒత్తిడి నిలవదు. లిఫ్ట్ బలం పెంచుతామని రిలీఫ్ వాల్వ్ స్ప్రింగు కింద వాషర్లు పెట్టడం మానుకోండి. అప్పుడు పగిలేది సిలిండర్, లేదా టాప్ కవరే.

తిరిగి బిగించేటప్పుడు

విప్పిన వరుసకు తలకిందులుగా పోవాలి, కానీ కొన్నిచోట్ల కళ్లు పెట్టాలి.

పంపు దించి, ముందు స్ప్లైన్ కూర్చున్నాక రెండు పక్క పిన్నులూ చేత్తోనే మొదలవ్వాలి. పానా పెట్టి బలవంతంగా ఎక్కిస్తే పంపు రంధ్రంతో వరుస కుదరలేదని అర్థం. కొత్త ఓ-రింగులకు ఆయిల్ రాయండి. పీటీవో షాఫ్టు దూర్చేముందు దాని పళ్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టండి. లేకపోతే పళ్లు కొత్త సీలు పెదవిని కోసేస్తాయి. సీలు దాటాక టేపు తీసేయాలి.

టాప్ కవర్ దించే ముందు కొత్త ప్యాకింగ్. సిలికాన్ జిగురు ఎక్కువ పూస్తే పిండుకొని లోపల పడిన పోగులు పంపు జల్లెడను మూసేస్తాయి. కవర్ దిగుతుండగా ఒకరు కిటికీ దగ్గర టార్చితో ఉండి, రాడ్లు లీవర్‌కు ఫోటోలో ఉన్న పక్కనే వస్తున్నాయో లేదో చూడాలి. తప్పు పక్కకు పోతే లిఫ్ట్ అసలు లేవదు, లేదా లేచి దిగనే దిగదు. ఏదైనా బండి స్టార్ట్ చేశాకే తెలుస్తుంది, మళ్లీ కవర్ ఎత్తాల్సిందే. బోల్టులు ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. నిలువు పైపు చివర్న, ఓ-రింగులకు ఆయిల్ రాసి, బొటనవేలి ఒత్తిడితో దిగాలి. సుత్తితో కొడితే ఓ-రింగు కోసుకుపోతుంది.

ట్రాక్టర్ కంపెనీ చెప్పిన ట్రాన్స్‌మిషన్ ఆయిలే పోయండి. పాతదాన్ని వడకట్టి పోయడం, చేతికి దొరికిన ఇంజన్ ఆయిల్ కలపడం రెండూ వద్దు. పాత ఆయిల్ పొలంలో గానీ చెరువు గట్టున గానీ పోయకండి, డబ్బాల్లో పట్టి వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇవ్వండి.

లిఫ్ట్ లీవర్ కిందే ఉంచి ఇంజన్ నిదానం మీద కొన్ని నిమిషాలు నడపండి. పనిముట్టు లేకుండా లింకులను నాలుగైదు సార్లు ఎత్తి దించితే లోపలి గాలి పోతుంది. మొదటి రెండు మూడు సార్లు కుదుపు మామూలే. ఇంజన్ ఆపి మట్టం చూస్తే తగ్గి ఉంటుంది, గుర్తుదాకా పోయండి. తర్వాతే కల్టివేటర్ తగిలించండి. పైకెత్తి ఇంజన్ ఆపి, కింద ఎవరూ లేకుండా చూసుకొని, ఎంతసేపు నిలబడుతుందో గమనించండి. కాసేపటికి నెమ్మదిగా కొంచెం దిగడం పాత బండ్లలో సహజం, నిమిషంలోపే నేలకు దిగితే కాదు.

మొదటి పది గంటల పని తర్వాత టాప్ కవర్ బోల్టులు, పక్క పిన్నులు, కిటికీ పలకలు మరోసారి బిగుతు చూడండి. పిన్నుల దగ్గర తడి కనిపిస్తే ముందు తుడిచి, మర్నాడు మళ్లీ చూడండి. మళ్లీ తడి వస్తే ఓ-రింగు మడతపడింది. ఆ పిన్ను మార్చేటప్పుడు ఆయిల్ మళ్లీ దించాలి, ఒక్కో పక్కే తీయాలి. రెండో పక్క పిన్ను బిగించి ఉన్నంతవరకు పంపు పూర్తిగా జారిపోదు.